అక్కకు బరువు తగ్గే ఆపరేషన్: స్లీవా, బైపాసా? షుగర్, గుండెల్లో మంట రెండూ ఉన్నాయి

కృష్ణ_ఒడ్డు

నమస్కారం అండి. మా అక్కకు 34 ఏళ్లు. ఎత్తు 158 సెం.మీ., బరువు 104 కిలోలు, బీఎంఐ 41.7. ఆరేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.9 దగ్గరే ఉంది. పీసీఓడీ ఉంది, గురక ఎక్కువ. వారంలో రెండు మూడు రాత్రులు గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఒక పాప ఉంది, రెండో కాన్పు ఆలోచన కూడా ఉంది.

బరువు తగ్గే (బేరియాట్రిక్) ఆపరేషన్ కోసం విజయవాడలో చూపిస్తే స్లీవ్ చాలన్నారు. హైదరాబాద్‌లో మినీ బైపాస్ చేస్తే షుగర్ పోతుందన్నారు. రెండు చోట్లా ప్యాకేజీ కాగితం ఇచ్చారు గానీ ఈమెకు అదే ఎందుకో విడమర్చి చెప్పలేదు. ఈమె పరిస్థితికి ఏది నప్పుతుంది? ఒప్పుకునే ముందు ఏం అడగాలి, ఏ పరీక్షలు చేయించాలి? ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

---

లాప్రో_టేబుల్

రెండు చోట్లా ఆపరేషన్ పేరు చెప్పారు సరే, ఎండోస్కోపీ చేశారా? చేయకపోతే ఇప్పటిదాకా చెప్పినదంతా ఊహే. వారానికి రెండు మూడు రాత్రులు పుల్లటి తేన్పులు వచ్చే మనిషికి లోపల అన్నవాహిక ఎర్రబడి ఉందా, హయాటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం) ఉందా, హెచ్. పైలోరి క్రిమి ఉందా అన్నది చూడకుండా స్లీవ్ అనకూడదు.

స్లీవ్‌లో ఏం చేస్తారంటే, నోట్లోంచి 36 నుంచి 40 ఫ్రెంచ్ సైజు (సుమారు 12–13 మి.మీ. లావు) గొట్టం ఒకటి జీర్ణాశయంలోకి దింపుతారు. కింద పైలోరస్‌కి (జీర్ణాశయం పేగులోకి తెరుచుకునే చోటు) 4–6 సెం.మీ. ఎడం వదిలి, ఆ గొట్టం పక్కనే స్టేప్లర్ వేసుకుంటూ పైదాకా వెళ్తారు. జీర్ణాశయంలో 75–80 శాతం కోసి బయటికి తీసేస్తారు, మిగిలేది సన్నటి అరటికాయంత. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది పైభాగంలోనే, అది పోతుంది కనుక ఆకలి తగ్గుతుంది. పేగుల జోలికి పోరు. కానీ ఇరుకైపోయిన గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది, పైన అన్నవాహిక కలిసే చోట యాసిడ్ ఎగదన్నకుండా ఆపే కోణం కూడా దెబ్బతింటుంది. ఫిన్లాండ్‌లో జరిగిన స్లీవ్‌పాస్ అధ్యయనంలో పదేళ్ల తర్వాత ఎండోస్కోపీ చేసి చూస్తే, యాసిడ్‌కి అన్నవాహిక ఎర్రబడినవాళ్లు స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో (కింద చెప్పిన రూ-ఆన్-వై) 7 శాతం.

మినీ బైపాస్‌లో జీర్ణాశయాన్ని పొడవాటి సంచిగా విడదీసి, చిన్నపేగును మొదటి నుంచి 150–200 సెం.మీ. దిగువన తెచ్చి దానికి కలుపుతారు. ఒకటే జాయింటు, టైమ్ తక్కువ, షుగర్ మీద పనితనం బాగుంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, పైనుంచి వచ్చే పిత్తరసం మొత్తం ఆ జాయింటు ముందు నుంచే పోవాలి. కొందరికి అది సంచిలోకి, అక్కడి నుంచి అన్నవాహికలోకి ఎక్కుతుంది. ఇప్పటికే మంట ఉన్నవాళ్లకు దీన్ని చెప్పేముందు రెండుసార్లు ఆలోచించాలి. పైగా ఈమె శాకాహారి. బైపాస్ చేసే పేగు పొడవు 200 సెం.మీ. దాటేకొద్దీ ప్రోటీన్, ఐరన్ లోపాలు ముదురుతాయి. కాబట్టి "ఎన్ని సెంటీమీటర్లు బైపాస్ చేస్తారు, మొత్తం చిన్నపేగు కొలుస్తారా" అని సూటిగా అడగండి.

మూడోది, రెండు చోట్లా మీకు చెప్పనిది, రూ-ఆన్-వై బైపాస్. సంచి చాలా చిన్నది, 30 ఎంఎల్ లోపే. జాయింట్లు రెండు. పిత్తరసం ఆ సంచికి 100–150 సెం.మీ. దిగువన వచ్చి కలుస్తుంది కనుక పైకి ఎక్కే దారి ఉండదు. గుండెల్లో మంట ఉన్న షుగర్ పేషెంటుకు మామూలుగా ముందు గుర్తుకురావాల్సింది ఇదే. దీనికీ ఇబ్బందులు లేకపోలేదు. పేగుల మధ్య ఏర్పడే సందుల్లో పేగు దూరి మెలిపడొచ్చు, అందుకే "ఆ సందులు రెండూ కుట్టి మూస్తారా" అని అడగాలి. జాయింటు దగ్గర పుండు పడొచ్చు, సిగరెట్టూ నొప్పి మాత్రలూ దానికి ప్రధాన కారణాలు. లోపల మిగిలిపోయే పాత జీర్ణాశయంలోకి ఇక మామూలు ఎండోస్కోపు వెళ్లదు.

లీక్ గురించి అడిగితే కొందరు "మా దగ్గర రావు" అంటారు. ఎంత చెయ్యి తిరిగిన వాళ్లకైనా వంద స్లీవ్‌లలో ఒకటో రెండో రావడం సహజం, ఎక్కువగా పైకొసన, అన్నవాహిక దగ్గర. అక్కడ వస్తే నయం కావడానికి వారాలు పడుతుంది. కాబట్టి వస్తుందా రాదా అన్నదానికన్నా, వస్తే అర్ధరాత్రి ఎవరు చూస్తారు, ఆ బరువు మోసే సీటీ స్కాన్ టేబుల్ ఉందా, స్టెంట్ వేసే ఎండోస్కోపీ డాక్టరు అదే బిల్డింగులో ఉన్నారా అన్నది అడగండి. వారానికో పదిరోజులకో వేరే ఊరి నుంచి వచ్చి చేసి వెళ్లిపోయే సర్జన్ అయితే ఈ ఒక్క ప్రశ్నకే మీకు జవాబు దొరుకుతుంది.

---

స్టేప్లర్_లైన్

పై వివరణతో చాలామటుకు ఏకీభవిస్తాను. కానీ స్లీవ్‌ను అప్పుడే కొట్టిపారేయకండి. మంట సగం బరువు వల్లే అయ్యుండొచ్చు. పొట్ట కొవ్వు తగ్గితే మంట తగ్గినవాళ్లూ ఉన్నారు. ఎండోస్కోపీలో అన్నవాహిక శుభ్రంగా ఉండి, హెర్నియా లేకపోతే, ఇంకో కాన్పు కావాలనుకునే శాకాహారికి స్లీవ్‌లో పోషకాల తలనొప్పి తక్కువ. ఎర్రదనం గ్రేడ్ సి, డి (తీవ్రం) అని వచ్చినా, బారెట్స్ (యాసిడ్‌కి అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) అని రాసినా మాత్రం స్లీవ్ మాట మర్చిపోవాలి.

ఇంకొకటి. "ముందు స్లీవ్ చేద్దాం, మంట వస్తే తర్వాత మినీ బైపాస్‌కి మారుద్దాం" అనే మాట వినిపిస్తుంటుంది. మంట కోసం మార్చాల్సి వస్తే మార్చేది రూ-ఆన్-వైకి, మినీకి కాదు. రెండో ఆపరేషన్‌లో అతుకులు పడి ఉంటాయి, రిస్కు మొదటిదానికన్నా ఎక్కువ. ఆ ఆలోచనతో మొదటిది ఎంచుకోకూడదు.

---

లాప్రో_టేబుల్

అంతే, ఒప్పుకుంటున్నాను. అన్నీ ఎండోస్కోపీ రిపోర్టు చేతికొచ్చాకే. అనుమానంగా ఉంటే 24 గంటల పీహెచ్ పరీక్ష (యాసిడ్ ఎంత ఎగదన్నుతోందో కొలిచేది) కూడా చేస్తారు, అందరికీ అక్కర్లేదు.

మిగతా పరీక్షలు: పొట్ట స్కానింగ్ (గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, లివర్ కొవ్వు), ఈసీజీ, 2డి ఎకో, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్). గురక ఉందన్నారు కనుక నిద్ర పరీక్ష తప్పనిసరి. నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టు తేలితే ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందు నుంచే సీపాప్ మాస్క్ (గాలి ఒత్తిడితో ఊపిరి దారి తెరిచి ఉంచేది) అలవాటు చేయాలి. ఆపరేషన్ అయిన రాత్రి మత్తు, నొప్పి మందుల ప్రభావంలో ఉండగా ఊపిరి ఆగడం ఎక్కువవుతుంది, మాస్క్ అలవాటు లేని మనిషి అప్పుడు పీకి పడేస్తుంది.

---

క్లెయిమ్_కౌంటర్

ఇన్సూరెన్స్ సంగతి. ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) అన్ని ఆరోగ్య పాలసీలకూ ఒకే మాదిరిగా పెట్టిన మినహాయింపు క్లాజుల్లో ఊబకాయం క్లాజు ఒకటి, మీ బాండులో Excl06 అని ఉంటుంది. దాని ప్రకారం ఆపరేషన్ డాక్టరు సలహా మీద జరగాలి, వైద్య ప్రమాణాలకు తగ్గట్టుండాలి, వయసు 18 నిండాలి. బీఎంఐ 40 లేదా ఆపైన ఉండాలి. లేకపోతే 35 లేదా ఆపైన ఉండి, ఇతర పద్ధతులు ఫలించక, ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన నిద్ర శ్వాస సమస్య, అదుపులోకి రాని టైప్ 2 షుగర్ వీటిలో ఏదో ఒకటి ఉండాలి. డాక్టర్ల మార్గదర్శకాలు దీనికన్నా ఉదారంగా ఉన్నాయి (2022 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో 35 నుంచి సిఫారసు, ఆసియా వాళ్లకు 27.5 నుంచే). క్లెయిమ్ చూసే టేబుల్ మీద మాత్రం ఉండేది పాలసీ క్లాజే.

ఇప్పుడు మీ అక్క లెక్క చూడండి. 158 సెం.మీ. ఎత్తుకి బీఎంఐ సరిగ్గా 40 అయ్యేది 99.9 కిలోల దగ్గర. ఆపరేషన్ ముందు రెండు వారాలు ద్రవాహారం పెడతారు. అందులో నాలుగున్నర, ఐదు కిలోలు తగ్గిందంటే అడ్మిషన్ రోజు షీటులో 39 చిల్లర పడుతుంది. ప్రీ-ఆథ్ ఫారంలో (ముందస్తు బీమా అనుమతికి ఆసుపత్రి పంపేది) 41.7, అడ్మిషన్ నోట్‌లో 39.8 ఉంటే కంపెనీ నుంచి క్వెరీ ఖాయం. అందుకే మొదటి కన్సల్టేషన్ రోజునే ఎత్తు, బరువు, తేదీ, డాక్టరు సంతకం, స్టాంపుతో రాయించుకోండి. బరువు తగ్గింది ఆపరేషన్ ముందు ఆహారం వల్లేనని కూడా నోట్‌లో రాయించండి. ఎత్తు చెప్పుల్లేకుండా కొలిపించండి. పొరపాటున 162 అని రాశారంటే 104 కిలోలకి బీఎంఐ 39.6కి పడిపోతుంది.

బీఎంఐ 40 దాటినా రెండో దారి కూడా సిద్ధం చేసి పెట్టుకోండి. గత ఏడాది రెండేళ్ల హెచ్‌బీఏ1సీ రిపోర్టులు, మందులు పెంచుకుంటూ వచ్చిన ప్రిస్క్రిప్షన్లు, డైటీషియన్ రాసిన కాగితాలు, నిద్ర పరీక్ష రిపోర్టు. నాలుగు ముక్కలు నోటితో చెప్పినవి కాదు, తేదీ ఉన్న కాగితాలు.

పాలసీ ఎప్పుడు తీసుకున్నారు? తీసుకునేటప్పుడు షుగర్ ఉందని రాశారా? 2024 నుంచి పాత జబ్బుల వెయిటింగ్ గరిష్ఠంగా 36 నెలలు, మారటోరియం (అది దాటితే, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదని క్లెయిమ్ కాదనకూడని గడువు) 60 నెలలు. దాచిపెట్టి ఉంటే, ఆ 60 నెలలు దాటకుండా క్లెయిమ్ వేస్తే కట్టిన ప్రీమియం కూడా పోయే ప్రమాదం ఉంది. కంపెనీ గ్రూపు పాలసీ అయితే వెయిటింగ్ ఉండకపోవచ్చు గానీ బేరియాట్రిక్‌కి విడిగా పరిమితి ఉంటుంది, హెచ్ఆర్ దగ్గర ఆ పేజీ అడిగి తీసుకోండి.

ప్యాకేజీ కాగితంలో స్టేప్లర్ కార్ట్రిడ్జులు ఎన్ని కలిపారో చూడండి. స్లీవ్‌కి మామూలుగా 5 నుంచి 7 పడతాయి. "4 వరకే ప్యాకేజీ, ఆపైన అదనం" అని ఉంటే ఆ తేడా మీ జేబు నుంచే. రూమ్ అద్దె పరిమితి దాటితే మిగతా బిల్లులోనూ అదే నిష్పత్తిలో కోత పడుతుంది. తర్వాత జీవితాంతం కొనే విటమిన్లు, వేలాడే చర్మానికి చేసే ఆపరేషన్ పాలసీలోకి రావు.

---

పోషణ_లెక్క

ఆహారం గురించి ఎవరూ రాయలేదు, అసలు కష్టం అక్కడే ఉంది.

ఆపరేషన్ ముందు రెండు వారాల ద్రవాహారం (రోజుకు 800–1000 కేలరీలు) బరువు తగ్గించడానికి కాదు. లివర్ ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం మీద పడుకుని ఉంటుంది. కొవ్వు పట్టిన లివర్ ఉబ్బి, బరువుగా, ముట్టుకుంటే చిట్లేలా ఉంటుంది. దాన్ని పైకెత్తి పట్టుకుంటే గానీ సర్జన్‌కి పని జరగదు. పిండిపదార్థాలు తగ్గిస్తే రెండు వారాల్లోనే లివర్ కుంచించుకుపోతుంది. "చివరిసారి కదా" అని ఆ వారంలో పెళ్లిభోజనాలకు తీసుకెళ్లే చుట్టాలను దూరం పెట్టండి.

ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో 15 నిమిషాలకు 30 ఎంఎల్ చొప్పున చప్పరించడమే, గుటక వేయడం కాదు. మొదటి రెండు వారాలు ద్రవాలు, మూడు, నాలుగు వారాలు మెత్తగా రుబ్బినవి, ఐదు, ఆరు వారాలు మెత్తటి ముద్దలు, ఆ తర్వాత మెల్లగా మామూలు తిండి. ఆసుపత్రిని బట్టి రోజులు కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

మన ఇళ్లలో జరిగే పొరపాటు రాగిజావ. బలమని రోజుకు నాలుగు గ్లాసులు పోస్తారు. గ్లాసు జావలో పడే పిండి 20 గ్రాములు, అందులో ప్రోటీన్ గ్రామున్నరకు మించదు. నాలుగు గ్లాసులకు 6 గ్రాములు. కావాల్సింది రోజుకు 60 గ్రాములకు తక్కువ కాకుండా, 80 దాకా. కొబ్బరినీళ్లు, పళ్లరసాలు, పలచటి చారు కూడా ఇంతే, నీళ్ల లెక్కలోకి వస్తాయి గానీ ప్రోటీన్ లెక్కలోకి రావు. గుడ్డు తినని మనిషికి మొదటి రెండు నెలలు వే ప్రోటీన్ (పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడి) లేకుండా 60 చేరడం జరగని పని. స్కూపుకు 24 గ్రాములిచ్చేది అయితే రెండు స్కూపులకు 48. మిగిలిన 12కి 200 గ్రాముల పెరుగు (7 దాకా), ఒక చిన్న కప్పు చిక్కటి పెసరకట్టు లేదా మెదిపిన ముద్దపప్పు సరిపోతాయి. రెండు నెలల తర్వాత 100 గ్రాముల పనీర్‌తో 18 దాకా వస్తుంది, సోయా, మీల్‌మేకర్, శనగలు వంతులవారీగా పెట్టుకోవచ్చు. ప్రోటీన్ డబ్బాను ఆపరేషన్‌కి ముందే రెండు మూడు రుచుల్లో కొని తాగించి చూడండి. తర్వాత వాసనకే వికారం వస్తుందని చాలామంది మానేస్తారు.

పళ్లెంలో ముందు పప్పు, పనీర్, పెరుగు. తర్వాత కూర. అన్నం చివర, అదీ చోటుంటే. మెత్తటి పెరుగన్నం గొంతు దిగడం సులువు కనుక అందరూ దాన్నే పట్టుకుంటారు, ఏడాది తిరిగేసరికి బరువు ఆగిపోతుంది. జంతికలు, చెక్కలు, మిక్స్చర్ మరీ మోసం. నమిలితే పొడైపోయి, ఎంత తిన్నా కడుపు నిండినట్టు ఉండదు. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ఒక్కో ముద్దకీ కనీసం 20 సార్లు నమలాలి, భోజనానికి 20–30 నిమిషాలు పట్టాలి. బైపాస్ అయినవాళ్లు తీపి తింటే అరగంటలోపే చెమటలు, గుండెదడ, కడుపు తిప్పుడు, విరేచనం వస్తాయి, దాన్నే డంపింగ్ అంటారు. ఏడాది తర్వాత తిన్న గంట నుంచి మూడు గంటల్లో కళ్లు తిరిగి చెమట పడితే అది షుగర్ పడిపోవడం, వేరే సంగతి, డాక్టరుకు చెప్పాల్సిందే. మొదటి ఏడాది కార్తీక సోమవారాలు, ఏకాదశుల కటిక ఉపవాసాలు వద్దు. నీళ్లు రోజుకు లీటరున్నర పడాల్సిన మనిషి ఒకేసారి గ్లాసు తాగలేదు, పగలంతా మానేస్తే సాయంత్రం సెలైనే గతి.

మాత్రలు జీవితాంతం, ఇందులో బేరం లేదు. మల్టీవిటమిన్ రోజూ. బి12 రోజుకు 350–1000 మైక్రోగ్రాములు, లేదా నెలకో 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. శాకాహారి పైగా మెట్‌ఫార్మిన్ వాడుతున్న మనిషి కనుక బి12 ఇప్పటికే తక్కువ ఉండొచ్చు. ఐరన్ 45–60 మి.గ్రా. విటమిన్ డి రోజుకు 3000 యూనిట్ల దగ్గర మొదలుపెట్టి, రక్తంలో 30 దాటేలా చూసుకోవాలి. కాల్షియం రోజుకు 1200–1500 మి.గ్రా., అదీ ఒకేసారి కాదు, 500కి మించకుండా విడదీసి. కార్బొనేట్ కరగాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, ఇప్పుడది తక్కువ, అందుకే సిట్రేట్ ఇస్తారు. మందుల షాపులో ఇక్కడే తిరకాసు. సిట్రేట్ మాత్ర మీద 1000 అని పెద్దక్షరాలతో ఉన్నా అందులో అసలు కాల్షియం 210 మి.గ్రా. దగ్గరే. వెనక చిన్నక్షరాల్లో "ఎలిమెంటల్ కాల్షియం" అన్న అంకె చూసి లెక్కపెట్టండి. కాల్షియానికీ ఐరన్‌కీ మధ్య 2 గంటలు, థైరాయిడ్ మాత్ర ఉంటే ఈ రెండింటికీ దానికీ 4 గంటలు ఎడం. ఐరన్ వేసుకున్న వెంటనే కాఫీ, టీ వద్దు.

రక్తపరీక్షలు 3, 6, 12 నెలలకు, తర్వాత ఏటా. జుట్టు 3 నుంచి 6 నెలల మధ్య దువ్వెన నిండా ఊడుతుంది. ప్రోటీన్, ఐరన్ సరిగా ఉంటే చాలావరకు తిరిగి వస్తుంది, బయోటిన్ డబ్బాలకు డబ్బు తగలేయకండి.

---

కృష్ణ_ఒడ్డు

అందరికీ చాలా చాలా థాంక్స్. ఎండోస్కోపీ చేయలేదండి, ఈ వారంలోనే చేయిస్తాం. పాలసీ 2021లో తీసుకున్నది, షుగర్ ఉందని అందులో రాశాం.

ఇంకో రెండు సందేహాలు. బరువు తగ్గడానికి వారానికోసారి వేసే ఇంజెక్షన్లు వచ్చాయి కదా, వాటితో సరిపెట్టొచ్చా? రెండో కాన్పుకి ఎంత కాలం ఆగాలి?

---

తీపి_క్లినిక్

సరిపెట్టొచ్చా అంటే అంకెలు చూద్దాం. ఆ ఇంజెక్షన్లలో సెమాగ్లూటైడ్ 2.4 మి.గ్రా.తో 68 వారాలకు సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాలకు 20 శాతం దాకా బరువు తగ్గింది. ఇవి షుగర్ లేనివాళ్ల మీద జరిగిన ట్రయల్స్. షుగర్ ఉన్నవాళ్లలో సుమారుగా 10, 15 శాతాల దగ్గర ఆగాయి. అంటే మీ అక్కకు 10 నుంచి 16 కిలోలు. స్లీవ్, బైపాస్‌లతో సగటున 25–30 శాతం, అంటే 26–31 కిలోలు. రెండూ సగటులే. సెమాగ్లూటైడ్ ఆపేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. నా ఉద్దేశంలో ఈమె బీఎంఐకి, 8.9కి ఆపరేషన్ వైపే మొగ్గు. ఆపరేషన్‌కి భయపడుతుంటే, లేదా ముందు కొంత తగ్గించి టేబుల్ మీదికి తీసుకెళ్లాలంటే ఇంజెక్షన్ మంచిదే. వాడుతుంటే మత్తు డాక్టరుకు చెప్పితీరాలి, కడుపు ఖాళీ అవడం ఆలస్యమై మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

"షుగర్ పోతుంది" అని హామీ ఇచ్చారన్నారు. క్లీవ్‌లాండ్ క్లినిక్ స్టాంపీడ్ అధ్యయనంలో ఐదేళ్లకు హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకు దిగువన ఉన్నవాళ్లు రూ-ఆన్-వై బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులతోనే ఉన్నవాళ్లలో 5 శాతం. గొప్ప ఫలితమే, కానీ నూటికి నూరు కాదు. షుగర్ కొత్తదై, ఇన్సులిన్ దాకా వెళ్లకుండా ఉంటే అవకాశం మెరుగు. ఫాస్టింగ్ సి-పెప్టైడ్ చేయిస్తే పాంక్రియాస్‌లో సత్తువ ఎంత మిగిలిందో తెలుస్తుంది. కంటి రెటీనా పరీక్ష కూడా ముందే చేయించండి, షుగర్ ఒక్కసారిగా తగ్గితే ఉన్న దెబ్బ ముదరొచ్చు.

మందుల విషయం జాగ్రత్త. ద్రవాహారం మొదలైన రోజు నుంచి గ్లిమిపిరైడ్ పాత డోసులో కొనసాగితే షుగర్ 60కి పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ ఇంకా ప్రమాదం. తిండి లేనప్పుడు అది వాడితే మీటర్‌లో షుగర్ 150, 180 అని మామూలుగానే కనిపిస్తూ లోపల కీటోన్లు పేరుకుపోతాయి. ఆయాసం, వాంతులు మొదలయ్యేదాకా ఎవరూ పోల్చుకోలేరు. ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందు ఆపాలన్నది నియమం, ద్రవాహారం పెడుతుంటే అది మొదలుపెట్టే రోజే ఆపించే డాక్టర్లు ఎక్కువ. మీ అంతట మీరు ఆపకండి, ఆ తేదీలు ఫిజీషియన్ చేత కాగితం మీద రాయించండి.

కాన్పు 12–18 నెలలు ఆగాలి, బరువు నిలకడగా వచ్చేదాకా. చిక్కేమిటంటే, పీసీఓడీ వల్ల ఇన్నాళ్లూ సరిగా రాని నెలసరి బరువు తగ్గిన కొన్ని నెలలకే గాడిలో పడుతుంది. "మాకెలాగూ త్వరగా నిలవదు" అన్న ధీమాతో ఉన్నవాళ్లకే మూడో నెలలో నిలుస్తుంది. బైపాస్ తర్వాత నోటి గర్భనిరోధక మాత్రల్ని నమ్మలేం. ఇప్పుడు వాడుతుంటే రక్తం గడ్డల భయం వల్ల ఆపరేషన్‌కి నెల ముందే ఆపిస్తారు. కాపర్ టి లాంటిది ముందే వేయించుకోవడం మేలు. ఇంజెక్షన్ దారి పట్టినా సెమాగ్లూటైడ్ ఆపిన 2 నెలల తర్వాతే ప్రయత్నించాలి.

గర్భం వచ్చాక మన దగ్గర ప్రతి ఆసుపత్రిలో 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి పరీక్ష చేస్తారు. బైపాస్ అయిన మనిషికి అది వద్దని ముందే చెప్పాలి, డంపింగ్ వచ్చి పడిపోతుంది, వచ్చిన అంకె కూడా నమ్మదగింది కాదు. బదులుగా వారంపాటు ఇంట్లో మీటర్‌తో తిన్నాక చూసుకుంటే చాలు. ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. గర్భానికి ముందు నుంచే ఇస్తారు, దానికన్నా ముందు బి12 సరిచేయాలి.

---

రాత్రి_క్యాజువాలిటీ

ఇంటికి పంపాక ఏం చూడాలో నేను రాస్తాను.

మొదటి రెండు వారాల్లో నాడి నిమిషానికి 120 దాటి నిలబడిపోయిందంటే, జ్వరం లేకపోయినా, కడుపు మెత్తగానే ఉన్నా, వెంటనే ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లాలి. లావుగా ఉన్నవాళ్లలో లీక్ అయినా కడుపు గట్టిపడటం బయటికి తెలియదు, ముందు పలికేది నాడే. ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, మూత్రం తగ్గడం, ఏదో అయిపోతోందన్న కంగారు, ఇవన్నీ అందులో భాగమే. "గ్యాస్ పట్టింది" అని పాంటాప్రజోల్ ఇంజెక్షన్ వేయించి ఇంట్లో ఉంచకండి. ఇంట్లో 1,500 రూపాయల లోపు పల్స్ ఆక్సీమీటర్ ఒకటి ఉంచి, పొద్దున సాయంత్రం నాడి రాసిపెట్టండి. పిక్క వాచి నొప్పి ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డ అనుకోవాలి. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసేవి) ఇంజెక్షన్లు అన్నీ పూర్తి చేయాలి, "బానే నడుస్తోంది కదా" అని సగంలో ఆపకూడదు.

వాంతులు. రెండు మూడు రోజులు ఏదీ నిలవకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ముందు కట్టేది గ్లూకోజ్ సెలైన్. ఇక్కడే నష్టం జరుగుతుంది. వాంతుల్లో ఒంట్లోని థయామిన్ (బి1) నిల్వ అప్పటికే అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. రెండుగా కనిపించడం, కళ్లు అదరడం, తూలి నడవడం, మాట తికమక అవడం దాని గుర్తులు. ముందు థయామిన్ ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజ్ (డెక్స్ట్రోజ్). ఈ వాక్యం ఆమె డిశ్చార్జ్ కాగితం పైన పెద్దక్షరాలతో రాయించండి.

బైపాస్ అయితే ఇంకోటి. ఏడాది, రెండేళ్ల తర్వాత, బాగా సన్నబడ్డాక, తిన్న కాసేపటికి బొడ్డు పైన మెలితిప్పే నొప్పి వచ్చి పోతుంటే అది లోపలి సందులో పేగు ఇరుక్కోవడం కావచ్చు. ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. సీటీ స్కాన్ తీయాలి, దాన్ని కూడా ఈ ఆపరేషన్ తెలిసినవాళ్లు చూడాలి. సీటీ బాగున్నా నొప్పి ఆగకపోతే పొట్టకు చిన్న రంధ్రం పెట్టి దుర్బిణితో (లాప్రోస్కోపీ) చూస్తారు. గర్భంతో ఉన్నప్పుడు వస్తే మరీ తొందరపడాలి, "గర్భం నొప్పులే" అని ఊరుకుంటే పేగు కుళ్లిపోతుంది.

గాల్‌బ్లాడర్‌లో రాళ్లు బరువు వేగంగా తగ్గే మొదటి ఆరు నెలల్లో పడతాయి. ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్ 300 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఆరు నెలలు రాస్తారు, గాల్‌బ్లాడర్ ఇప్పటికే తీసేసి ఉంటే అక్కర్లేదు. ఒంటి నొప్పులకు డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇక జీవితంలో వద్దు, పారాసిటమాల్ ఒక్కటే. మోకాళ్ల నొప్పికి మందుల షాపువాడు ఇచ్చే "కాంబినేషన్" మాత్రలో ఇవే ఉంటాయి, వెనక చదవండి.

పర్సులో ఒక కార్డు లామినేట్ చేయించి పెట్టించండి. దాని మీద ఆపరేషన్ పేరు, తేదీ, ఎన్ని సెంటీమీటర్ల పేగు బైపాస్ అయింది, సర్జన్ ఫోన్ నంబరు. కింద మూడు వరుసలు: ముక్కులోంచి గొట్టం చూడకుండా దింపొద్దు, నొప్పికి పారాసిటమాల్ మాత్రమే, గ్లూకోజ్‌కి ముందు థయామిన్. తెలుగులో, ఇంగ్లిషులో రెండింటిలోనూ ఉండాలి. ఫోనులో ఫోటో కూడా ఉంచండి. స్లీవ్ అయితే సెంటీమీటర్ల వరుస అక్కర్లేదు, మిగతాది అంతే.